మీ ఫైలు ఎక్కడుంది

ఫోన్‌లోని అప్లికేషన్ ఫారంలో ముప్పై రెండు గడులు. యున్‌హె అక్క ముప్పై ఒకటి నింపేసి, ఒక్క గడి దగ్గర పదిహేను రోజులుగా ఆగిపోయింది. 'మీ ఫైలు ప్రస్తుతం ఏ కార్యాలయంలో ఉంది?' అని అడుగుతుంది ఆ గడి. తప్పు రాస్తే అప్లికేషన్ రద్దు అని కింద ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక. అక్క ఫైలు ఏ కార్యాలయంలోనూ లేదు. ఆమె గదిలో, చలికాలపు బొంతలు దాచే చెక్కపెట్టె అడుగున ఉంది.

ఆన్‌చింగ్‌లో, నదికి రెండు వీధుల ఇవతల, అక్క వాళ్ళ ఇంటి వెనకగదిలో నేను అద్దెకుంటున్నాను. మూడేళ్ళయింది. అక్క ఒకప్పుడు ఎం.ఏ. చేసిన పాత సాహిత్యమే నేనిప్పుడు చదువుతున్నాను. "ఒక పుస్తకాల పురుగు చాలదని రెండోదాన్ని అద్దెకి తెచ్చుకున్నాను" అంటుంది వాళ్ళమ్మ. ఆవిడని నేను పెద్దమ్మా అని పిలుస్తాను.

అక్కకి ముప్పై ఒకటి. పేటలోని లైబ్రరీలో పిల్లల విభాగంలో పని. ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తారు. పిల్లలు చింపిన బొమ్మల పుస్తకాలు అతికించడం, అట్టలు వేయడం, అల్లరి చేసేవాళ్ళని కూర్చోబెట్టడం. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం కింది గదిలోకి దిగిపోతుంది. అక్కడ ఊళ్ళోని పాత కుటుంబాల వంశచరిత్రలు ఉన్నాయి, దారంతో కుట్టినవి, నలభై మూడు పెట్టెలు. వాటికి జాబితా లేదు. ఒక చేత్తో ఆవిరి రొట్టె తింటూ, రెండో చేత్తో నోట్‌బుక్‌లో ఒక్కొక్కటే రాసుకుంటూ ఏడు పెట్టెలు పూర్తి చేసింది. ఒకరోజు లైబ్రరీ పెద్ద ఆ నోట్‌బుక్ తిరగేసి, "బాగుంది. కానీ ఈ పనికి పాత పుస్తకాల సంరక్షణలో డిగ్రీ ఉండాలి. నీకున్నది సాహిత్యం" అన్నాడట.

ఆ డిగ్రీ నాంజింగ్‌లో ఉంది. ఈ ఫారం దానికే. మూడేళ్ళు. వెళ్తే ఇక్కడి కాంట్రాక్టు పోతుంది. తిరిగొచ్చేసరికి ముప్పై అయిదు, అంటే సగం ఉద్యోగ ప్రకటనలు చదవడం దండగ అనే వయసు.

అయినా అక్కని ఆపుతున్నది వయసు కాదని నాకు తెలుసు. పెట్టె అడుగున ఉన్న ఆ ఫైలు కవరు.

మా దేశంలో మనిషితో పాటు అతని ఫైలూ నడుస్తుంది. బడి మార్కుల నుంచి మాస్టారి అభిప్రాయం దాకా అన్నీ అందులో ఉంటాయి. ఎవరి ఫైలు వాళ్ళు మాత్రం చూడకూడదు. సీలు చిరిగిందంటే అది చచ్చిన ఫైలు. ఏ యూనివర్సిటీ, ఏ ప్రభుత్వ కార్యాలయం దాన్ని ముట్టుకోదు. ఆరేళ్ళ కిందట ఎం.ఏ. అయ్యాక యూనివర్సిటీ ఆఫీసు గుమాస్తా ఒకడు ఆ కవరు అక్క చేతికే ఇచ్చి, పదిహేను రోజుల్లో మీ ఊరి ఫైళ్ళ కేంద్రంలో అప్పగించమన్నాడు. అప్పుడామెకి హఫెయ్‌లో ఒక కాలేజీ ఉద్యోగం ఇస్తామంది, ఫైలు తామే తీసుకుంటామంది. ఆ ఉద్యోగం రాలేదు. ఉద్యోగం లేకుండా కేంద్రానికి వెళ్ళి వరసలో నిలబడటానికి ముఖం చెల్లలేదు. పదిహేను రోజులు ఆరేళ్ళయ్యాయి.

ఆ కవరులో, అక్కకి ఎం.ఏ. చెప్పిన ఫాంగ్ మాస్టారు రాసిన పేజీ ఒకటుంది. ఆయన దగ్గర మూడేళ్ళు చదివితే, ఆయన అక్కతో మాట్లాడినవి పది వాక్యాలు ఉంటాయేమో. ఆఖరి రోజున అక్క ఎదురుగానే సిరా కలంతో పేజీ నిండా రాసి, మడిచి, ఆఫీసుకి పంపేశారు. ఆమె వైపు చూడనైనా చూడలేదు. రెండేళ్ళ కిందట ఆయన పోయారు. ఇక అడగటానికి లేదు.

"నేను చదువుకి పనికిరానని ఆయన రాసి ఉంటే?" అని అక్క నన్ను ఒకసారి అడిగింది. "రెండోసారి వెళ్ళి అదే మాట ఇంకొకరితో రాయించుకోనా?"

 నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.

దరఖాస్తుకి ఆఖరి రోజు సోమవారం వచ్చింది. లైబ్రరీకి సెలవు. పెద్దమ్మ పొద్దున్నే కోడి పులుసులో వేయించిన బియ్యం పోసి ముగ్గురికీ గిన్నెలు పెట్టింది. అక్క గిన్నె చల్లారిపోతోంది.

"తిను. ఒక డిగ్రీ తెచ్చుకుని ఒక చేత్తో అట్టలేస్తున్నావు. రెండోది తెచ్చుకుంటే ఏం చేస్తావు, రెండు చేతులతో వేస్తావా?"

అక్క నవ్వలేదు. లేచి లోపలికి వెళ్ళి కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. దాన్ని చూడటం నాకదే మొదటిసారి. మందపాటి గోధుమరంగు కాగితం, మూత మీద తెల్ల పట్టీ, పట్టీకీ కవరుకీ కలిపి కొట్టిన ఎర్ర ముద్రలు మూడు.

"ఇవాళ ఇది ఇచ్చెయ్యాలి. లేదా ఈ గొడవే మానెయ్యాలి" అని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, ఈ ముద్ర చూడు. పట్టీ మీది సగం, కవరు మీది సగం కలవడం లేదు."

కొర్రగింజంత తేడా. పెద్దమ్మ చెంచా గిన్నెలో తిప్పుతూనే ఉంది.

"అమ్మా."

"ఆ పెద్ద వానల ఏడు" అంది పెద్దమ్మ తలెత్తకుండా. "గోడలు చెమటలు పట్టాయి. బొంతలు ఎండెయ్యడానికి తీస్తే, పట్టీ ఒక పక్క పూర్తిగా లేచిపోయి ఉంది. నీకు చెబితే నిద్ర మానేస్తావని నేనే అతికించాను."

"దేంతో?"

"ఏంటా ముఖం? అన్నం మెతుకులతో అనుకున్నావా? బియ్యప్పిండిలో పటిక వేసి కాచిన జిగురు. నాటకం కంపెనీలో ముప్పై ఏళ్ళు కిరీటాలకి ఇదే వాడాను. ఏ రాణి నెత్తి మీద నుంచీ ఒక్క ముత్యం రాలలేదు. నువ్వు లైబ్రరీకి పట్టుకెళ్ళేదీ అదే కదా!"

అక్క కుర్చీలో కూలబడింది. "లోపల చూశావా?"

"లేదు."

"తెరిచి ఉంటే ఎందుకు చూడలేదు?"

"నిన్ను తిట్టి రాసుంటే నేనాయన ఇంటికెళ్ళి పోట్లాడేదాన్ని. నీ పరువు పోయేది. అందుకని చూడలేదు."

 పెద్దమ్మ గొంతు తగ్గించింది. "చూడవే, నా జిగురు సంగతి నాకు తెలుసు. ఆవిరి చూపిస్తే ఒక్క పోగు చిరక్కుండా లేస్తుంది. ఆయనేం రాశాడో చదివేసుకో. వెళ్ళాలో వద్దో తేలిపోతుంది. మళ్ళీ అతికిస్తాను, ఈసారి ముద్రలు కూడా కలుపుతాను."

పొయ్యి మీద కెటిల్ అప్పటికే మరుగుతోంది. అక్క కవరు పట్టుకుని వంటగది గుమ్మందాకా వెళ్ళింది. గుమ్మం పక్కనే పొయ్యి, ఆవిరి తిన్నగా పైకి లేస్తోంది. కవరు అంచు అందులోకి ఇంకో జానెడు జరిపితే చాలు. నేను ఆమె మోచేతినే చూస్తున్నాను. వద్దనాలనీ ఉంది, చదవమనాలనీ ఉంది.

అక్క పొయ్యి ఆపేసింది.

"చదివితే, చదవలేదని అక్కడ అబద్ధం చెప్పాలి. నాకు చేతకాదు. పదండి."

ఫైళ్ళ కేంద్రంలో మాది అరవై ఎనిమిదో నంబరు. నాలుగో కిటికీలో యాభై దాటిన మనిషి, చూపుడువేలికి రబ్బరు తొడుగు. కవరు తీసుకుని ముందు బరువు చూసినట్టు పట్టుకున్నాడు.

"మీ దగ్గర ఎన్నేళ్ళుంది?"

"ఆరేళ్ళండీ."

"పదిహేను రోజులని చెప్పలేదా?"

"చెప్పారు."

"పదిహేను రోజులంటే మీ లెక్కలో ఎంత?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క చెవులు ఎర్రబడ్డాయి. అతను బల్ల మీది దీపం దగ్గరికి లాగి, పట్టీని అటూ ఇటూ వంచి చూశాడు. ముఖం మారింది.

"దీన్ని ఎవరో తీశారు."

"తేమకి ఊడిందండీ..." అని అక్క ఆగిపోయింది. ఆ తర్వాతి వాక్యం వాళ్ళమ్మ మీదికి పోతుంది.

పెద్దమ్మ నా చెయ్యి పక్కకి తోసి కిటికీలో తల పెట్టేసింది. "ఊడింది వానకి, అతికించింది నేను."

"మీరెవరమ్మా?"

"దాని తల్లిని. జిగురూ నాదే."

"అతికించారు సరే. లోపల కాగితాలు మార్చలేదని నేనెలా నమ్మను?"

"నాకు జిగురు కాయడం వచ్చు నాయనా. దొంగ ముద్రలు కొట్టడం రాదు."

అతను ఆవిడని వదిలేసి అక్కని చూశాడు. "మీరు చదివారా?"

"లేదండీ."

"ఆరేళ్ళు ఇంట్లో పెట్టుకుని, ఒక్కసారి కూడా చూడాలనిపించలేదు?"

"ఇవాళ పొద్దున కూడా అనిపించింది. కెటిల్ మరుగుతోంది. గుమ్మం దాకా వెళ్ళాను."

 అడగని మాట ఎందుకు చెప్పడం! అతను కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"యూనివర్సిటీకి ఫోన్ చేస్తాను. జాబితాతో ఒక్కొక్క కాగితం సరిచూడాలి. సరిపోతే కొత్త సీలు వేసి తీసుకుంటాం. ఒక్కటి తగ్గినా, ఒక్కటి ఎక్కువున్నా వెనక్కి పంపిస్తాం. అది తేలేసరికి నెలలు పడుతుంది."

"ఫారానికి ఇవాళే ఆఖరండీ."

"అది నా చేతిలో లేదు" అని కవరు తీసుకుని అద్దాల గదిలోకి వెళ్ళాడు.

బల్ల మీద కూర్చున్నాం. అద్దం వెనక అతను ఫోన్‌లో మాట్లాడటం, తల ఊపడం, ఊపడం ఆపడం కనిపిస్తోంది. పావుగంట అలాగే గడిచింది. తర్వాత పట్టీ విప్పాడు. నిజంగానే ఒక్క పోగు చిరగలేదు. పెద్దమ్మ గర్వంగా నా వైపు చూసి, వెంటనే ఇది గర్వపడే సమయం కాదని గుర్తొచ్చి తల దించుకుంది. ఒకటి, రెండు, మూడు... రబ్బరు వేలు కాగితాలు తిప్పుతోంది. ఒకచోట ఆగింది. చేతిరాత పేజీ. కళ్ళద్దాలు పైకి తోసి దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు.

"అదే అయ్యుంటుంది" అని గుసగుసలాడింది పెద్దమ్మ. "చూడవే, ముఖం చూస్తే తెలుస్తుంది."

అక్క అటు చూడటం లేదు. వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. పెదాలు కదులుతున్నాయి.

"ఆయనేం రాశారోననా, అక్కా?" అన్నాను.

"ఏంటి? కాదు. ఎన్ని కాగితాలుండాలో గుర్తు తెచ్చుకుంటున్నాను. ఆ వానల్లో ఒక్కటి పెట్టెలో జారిపోయి ఉంటే, నాంజింగ్..." అని మధ్యలో ఆగింది. తను అన్న మాట తనకే అప్పుడు వినపడినట్టు నా వైపు చూసింది. వేళ్ళు కదలడం మానేశాయి.

అతను తిరిగొచ్చేసరికి పెద్దమ్మ లేచి నిలబడి ఉంది.

"పద్నాలుగు" అన్నాడు.

"ఉండాల్సినవి?" అంది అక్క.

"పద్నాలుగే."

ఊడిందెప్పుడో, అతికించిందెవరో రాయించుకుని ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాడు. కొత్త పట్టీ వేసి ట్యూబులోంచి జిగురు పిండుతుంటే పెద్దమ్మ ఊరుకోలేకపోయింది.

"అది రెండు వానలకి లేచిపోతుంది నాయనా."

"ఇక్కడికి వాన రాదమ్మా."

రసీదు అక్క చేతిలో పెడుతూ అతను, "లోపలి విషయాలు చెప్పడానికి నాకు వీల్లేదు" అన్నాడు, ఆమె అడుగుతుందని ఎదురుచూస్తున్నట్టు.

"నేనడగలేదండీ" అంది అక్క.

అక్కడే బల్ల మీద కూర్చుని ఫోన్ తీసింది. ముప్పై రెండో గడిలో కేంద్రం పేరు రసీదులో ఉన్నది ఉన్నట్టు రాసింది. ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చూసింది. వయసు గడి దగ్గర వేలు కాసేపు ఆగి, కిందికి జరిగి, 'పంపు' అన్నచోట నొక్కింది. 'మీ దరఖాస్తు అందింది' అని వచ్చాక కూడా ఫోన్ దించలేదు.

"పరీక్షెప్పుడు?" అంది పెద్దమ్మ.

"డిసెంబరులో. సీటు వస్తుందో రాదో తెలీదమ్మా."

వీధిలోకొచ్చాం. నది మీది గాలి చల్లగా కొడుతోంది. పొద్దుటి నుంచీ ఎవరం సరిగ్గా తినలేదు.

"నాంజింగ్‌లో తేమ ఎక్కువా?" అంది పెద్దమ్మ ఉన్నట్టుండి.

"ఇక్కడిలాగే ఉంటుంది."

"అయితే నీకిచ్చే జిగురులో పటిక ఇంకొంచెం ఎక్కువెయ్యాలి" అని, మా ఇద్దరికంటే ముందు రోడ్డు దాటేసింది.