ఒంటిమిట్టకు సున్న ముందరే

కాలువ మీద బతికే మాకు దిక్కులు రెండే. నీళ్ళు వచ్చే వైపు పైకి, నీళ్ళు పోయే వైపు కిందికి. కర్నూలు మాకు పైన, కడప కింద. తూర్పు, పడమర అనే మాటలు మా ఇంట్లో ఎవరూ వాడరు. నా భర్త ఈ కాలువ మీద లష్కరుగా పని చేశాడు. తూములు ఎత్తడం, దించడం, గట్టు తెగకుండా కనిపెట్టుకుని ఉండడం ఆయన పని. మా ఊరి నుంచి కింద పాత లాకు వరకు ఆయన హద్దు. ఒకప్పుడు పడవలను దించడానికి కట్టిన లాకు అది. ఇప్పుడు తలుపులు లేవు, రాతి గోడలు మాత్రం ఉన్నాయి. ఆయనకు సద్ది మోసుకుని ఆ గట్టంతా నడిచినదాన్ని నేను. ఏ తూము దగ్గర నీడ నిలుస్తుందో, వాన పడితే గట్టు ఎక్కడ మెత్తబడుతుందో నా కాళ్ళకు తెలుసు. ఆ గట్టు నాది అనుకునేదాన్ని.

కొన్నేళ్ళుగా చలికాలంలో ఆ గట్టు మీదికి సైకిళ్ళు వస్తున్నాయి. హైదరాబాదు నుంచి కొంతమంది కర్నూలులో దిగి, కాలువ వెంబడి తొక్కుకుంటూ నంద్యాల దాటి, నల్లమల అంచున అహోబిలం కొండల్లోకి పోయి, మళ్ళీ కాలువ పట్టుకుని కడప చేరి, చివరికి ఒంటిమిట్ట రామస్వామి గుడి దగ్గర ఆగుతారు. ఫోన్‌లో దారి చూసుకోకుండా ఊరివాళ్ళను అడుగుతూ పోవాలని వాళ్ళ పెద్దామె నియమం. ఆమెను అందరూ మేడం అంటారు. జుట్టంతా నెరిసింది. నాకంటే ఒకటి రెండేళ్ళు పెద్దదే కానీ, సైకిల్ మీది నుంచి దిగేటప్పుడు చేత్తో దేన్నీ పట్టుకోదు. నేను మా వసారా మెట్టు దిగాలంటే గోడ పట్టుకుంటాను. మొదటిసారి ఆమె మోకాళ్ళు చూసినప్పుడే నాకు కుళ్ళు పుట్టింది.

వాళ్ళు మా ఇంట్లో అన్నానికి ఆగేవాళ్ళు. మా చిన్నామె, అంటే మా మరిది భార్య, జొన్నరొట్టెలు తట్టేది, నేను కాల్చేదాన్ని. చెనిక్కాయల చట్నీ నాది. ఒకసారి మేడం తింటూ తింటూ, తమతో ఒంటిమిట్ట వరకు ఎవరైనా ఊరి మనిషి వస్తే బాగుంటుంది, దారి అడగడానికి, వంటకు సాయంగా, ఒక సైకిల్ ఎక్కువే ఉంది అన్నది. నేను రొట్టె తిప్పడం మానేసి తలెత్తాను. గట్టు సంగతి ఎవరిని అడిగినా నా పేరే చెబుతారు కదా అనుకున్నాను.

మా చిన్నామె పిండి చేతులు కడుక్కోకుండానే లేచింది.

"నాకు సైకిల్ వస్తాది మేడం. నందికొట్కూరులో మా నాయనది అద్దె సైకిళ్ళ అంగడి."

తమలో తెలుగు చదవడం ఎవరికీ రాదు, బోర్డులు చదవడం వచ్చా అని మేడం అడిగింది. వస్తాది అన్నది, నా వైపు చూడకుండా. దానికి సంతకం ఒక్కటే వస్తుంది. ఊర్లో చర్చి వరండాలో పాస్టరమ్మ మధ్యాహ్నం పూట మాలాంటి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పినప్పుడు, నేను నెరిసిన తలతో పలక పట్టుకుని పోయాను. మా చిన్నామె రాలేదు. ఈ వయసులో పలక పట్టుకుని పోతే నవ్వుతారు అన్నది. నన్ను చూసి నవ్వింది కూడా. ఇప్పుడు నేను కష్టపడి నేర్చుకున్నది తనకు వచ్చునని, నా పొయ్యి పక్కనే నిలబడి చెప్పింది. అబద్ధమని అనడానికి నోరు రాలేదు. అంటే కడుపుమంట అనుకుంటారు. అది కడుపుమంటే.

మరునాడు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, నెత్తికి వాళ్ళిచ్చిన టోపీ పెట్టుకుని, నా గట్టు మీద కిందికి పోయింది. నా భర్త అరుగు మీద కూర్చుని, "చూడు మే, దొరసాని పోతాండాది" అన్నాడు. ఆ పూట ఆయనకు చట్నీ వెయ్యలేదు.

తను లేని ఆ నాలుగు నాళ్ళూ నా మనసు దాని చక్రాల వెనకాలే తిరిగింది. ఇప్పుడు లాకు దాటి ఉంటుంది. ఇప్పుడు నంద్యాల. ఇప్పుడు కొండల్లో, లోయ కనపడేచోట నిలబడి ఉంటుంది. నేను లాకు దాటి గట్టు మీద ఒక్క అడుగు వెయ్యలేదు. పెండ్లిళ్ళకు, ఆసుపత్రికి బస్సులో పోయాను కానీ బస్సు కిటికీలో కాలువ కనపడదు.

చివరి రోజు పొద్దు వాలేటప్పుడు ఫోన్ మోగింది. మా చిన్నామె గొంతు తగ్గించి మాట్లాడుతోంది. కడప దాటినాక తను ముందు పోయి, గొర్రెలు కాసే ఒకాయనను కిందికి పోయే దారి యాడప్పా అని అడిగిందట. ఒంటిమిట్ట కడపకు ఇంకా కింద కదా, మా లెక్కలో. ఆయనకు మా కాలువ లెక్క ఏం తెలుసు? పల్లంగా పెన్న ఏటి వైపు దిగే దారి చూపించాడు. ఇది అందరినీ వెంటేసుకుని ఆ దారిలో చాలా దూరం పోయింది. ఏరు కనపడుతుంటే అనుమానం వచ్చి ఒక బోర్డు కింద ఆగింది. మిగతావాళ్ళు వెనక మలుపు దగ్గర నీళ్ళు తాగుతున్నారు. వాళ్ళు వచ్చి బోర్డు చదవమంటే దీని బండారం బయటపడుతుంది.

"అక్కా, ఈడ బోర్డు ఉండాది. ఏం రాసినారో చెప్పక్కా."

బోర్డు అక్కడ, నేను ఇక్కడ. దాని ఫోన్ బొత్తాల ఫోన్, ఫోటో పంపడానికి లేదు. అక్షరం ఎలా ఉందో చెప్పమంటే, ముంత మాదిరి ఉండాది, దాని మీద గొడుగు మాదిరి ఉండాది అంటుంది. నాకు లోపల నవ్వు, ఒళ్ళంతా హాయి. ఫోన్ పెట్టేసినా అడిగేవాళ్ళు లేరు. కానీ బోర్డు మీద ఏముందో తెలుసుకోవాలని దానికంటే నాకే ఎక్కువ ఆత్రంగా ఉంది. అప్పటివరకు నేను చదివినవన్నీ పలక మీది అక్షరాలే, ఒకరికి అక్కరకు వచ్చినవి ఒక్కటీ లేవు.

కళ్ళు మూసుకుని ఒంటిమిట్ట అని మనసులో రాసుకున్నాను.

"సున్న ఉండాదా?"

"ఉండాది."

"యాడ?"

"కడాన."

"అది ఒంటిమిట్ట కాదు మే. ఒంటిమిట్టకు సున్న ముందరే వస్తాది. రెండో అక్షరానికి కింద ఏమన్నా వేలాడతాందా?"

వేలాడుతోంది అన్నది. రెండో అక్షరానికి ఒత్తు, చివర సున్న, పక్కనే ఏరు. సిద్దవటం అని నాకు తెలిసిపోయింది. వెనక్కి తిరిగి పెద్ద రోడ్డు ఎక్కమన్నాను. సరే అక్కా అని కూడా అనకుండా పెట్టేసింది.

తిరిగి వచ్చినాక ఊరంతా చెప్పుకుంది. కొండ ఎక్కడం చెప్పింది, గుడి గోపురం చెప్పింది, ఏటి గాలి చెప్పింది. బోర్డు సంగతి ఒక్కటే చెప్పలేదు. దారి తప్పలేదట, మేడంకు ఏరు చూపించాలని కావాలని తీసుకుపోయిందట. నేను పక్కనే కూర్చుని చెనిక్కాయలు వొలుస్తూ, ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని కాచుకున్నాను. చెప్పలేదు. ఆ సాయంత్రం మా పెరట్లోకి వచ్చి, వచ్చే చలికాలం కూడా మేడం తననే రమ్మన్నదని చెప్పి, నాకు అక్షరాలు నేర్పుతావా అక్కా అని అడిగింది.

సైకిల్ నేర్పితే నేర్పుతాను అన్నాను. ఆ మాట నా నోట్లో నుంచి ఎలా వచ్చిందో తెలియదు. కానీ వచ్చినాక వెనక్కి తీసుకోలేదు.

మా మరిది పాత సైకిల్‌తో గట్టు మీద మొదలుపెట్టాం. పొద్దున్నే అది వెనక సీటు పట్టుకునేది, మధ్యాహ్నం నేను పలక పట్టుకునేదాన్ని. గేదెలు తోలుకుపోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. కాలువలో పడతావు, పడితే తూము నేనే ఎత్తాల్సి వస్తాది అని నా భర్త అనేవాడు. రెండుసార్లు కంపలో పడ్డాను. మోకాలు వాచింది. అయినా దసరా నాటికి మూడో తూము వరకు ఒక్కదాన్నే పోగలిగాను. కానీ ఆగడం రాదు. బ్రేకు సంగతి అడిగితే, అది కడాన నేర్చుకునేది అక్కా అంటుంది మా చిన్నామె. నేను గట్టు మీద పొదలు చూసుకుని పడి ఆగేదాన్ని. అది కావాలనే నేర్పడం లేదని నాకు తెలుసు. నేను కూడా దానికి ఒత్తులు చెప్పలేదు. ఒంటిమిట అని చదివేది. చివర ఏదో తక్కువయిందే అని అనుమానంగా నా ముఖం చూసేది. ఒత్తులు శానా కష్టం, కడాన నేర్చుకునేవి అనేదాన్ని.

ఒకరి దగ్గర ఒకరం ఆ ఒక్కటీ దాచుకుని ఉండగా మేడం ఫోన్ చేసింది. వచ్చే వారం వస్తున్నాం, సైకిల్ ఒక్కటే ఎక్కువ ఉంటుంది అన్నది. ఇద్దరమూ ఫోన్‌కు చెవులు ఆనించి ఉన్నాం. నేనే ముందు నోరు తెరిచాను. లాకు వరకు నేను వస్తాను మేడం, అక్కడి నుంచి చిన్నామె వస్తుంది అన్నాను. ఒంటిమిట్ట అడగాలనే ఉంది. కానీ ఒంటిమిట్ట వరకు తొక్కే మోకాళ్ళు నాకు లేవని నాకు తెలుసు. మరునాడు మా చిన్నామె ముఖం ముడుచుకునే, బ్రేకు ఎలా పట్టాలో చూపించింది. నేను పలక మీద ట కింద ట ఒత్తు రాసి చూపించాను.

ఆ రోజు నేను అందరికంటే ముందు పోయాను. మేడం నా వెనకాల. సద్ది మోసిన గట్టు కాళ్ళ కింద నుంచి అంత తొందరగా జరిగిపోతుంటే, ఇన్నేళ్ళూ ఎందుకు నడిచాను అనిపించింది. లాకు రాతి గోడ కనపడగానే బ్రేకు పట్టి, కాలు నేల మీద పెట్టి నిలబడ్డాను. పడలేదు.

మా చిన్నామె బస్సులో వచ్చి ఆ గోడ మీద కూర్చుని ఉంది. నన్ను కింద నుంచి పైకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా ముఖంలో ఏడాది పాటు ఉన్నది అదే. దాన్ని వేరేవాళ్ళ ముఖంలో చూడడం ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

"సీటు ఎత్తు మార్చినావే" అన్నది. కొంగుతో సీటు తుడిచి, కిందికి దించి, ఎక్కింది. ఎక్కేముందు లాకు గోడ మీద ఎవరో సుద్దతో రాసిన పేరును, ఒత్తుతో సహా, నాకు వినపడేలా గట్టిగా చదివింది.

లాకు దాటినాక గట్టు వంపు తిరుగుతుంది. అక్కడి నుంచి కొండల నీలం కనపడుతుంది. వాళ్ళు వంపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూసి, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను. దారిలో నాకు మళ్ళీ కడుపు మండడం మొదలయింది.