మామిడి కాటా మీద మా బరువు

ఇన్నాళ్లూ ఇది రాయలేదు. రాయడం వచ్చేది కాదు. హోంగార్డుగా ఉన్నన్నాళ్లూ రిజిస్టర్‌లో వేలిముద్రే వేశాను. యాభై ఎనిమిదో ఏట వయోజన విద్య కేంద్రంలో అక్షరాలు దిద్దుకున్నాను. ఖాకీ కట్టుకుని ఆడవాళ్లు ఏం చేసేవారని మా వీధిలో అడుగుతుంటారు. అందుకని రాస్తున్నాను.

ఎనభైల్లో ఒక ఏప్రిల్. నూజివీడు బయట, హనుమాన్ జంక్షన్ రోడ్డులో మామిడి యార్డు. ఉదయం ఆరింటికి ఆడ హోంగార్డులం బస్సు దిగాం. ఖాకీ చీర, నల్ల బెల్టు, లాఠీ, విజిల్, నీళ్ల సీసా. రేకుల షెడ్డులో మకాం. రెండు నెలల డ్యూటీ. ఆర్డరు ఒక్కటే: కాయల లోడు మీద మనుషులు కూర్చుని పోకూడదు. ప్రతి లారీ ఎక్కి చూడాలి, దిగి విజిల్ వేయాలి. గేటు దగ్గర నేనూ, నా జోడీ. నేను పొట్టి, లావు. ఆమె పొడుగు, సన్నం.

నాలుగో రోజు మెడికల్. చార్టులో ఎత్తుకు రాసిన బరువు కన్నా తక్కువైనా, ఎక్కువైనా ఇంటికే. పరీక్షకు వచ్చిన డాక్టరమ్మగారి బరువు మిషన్ పాడైంది. మమ్మల్ని కాయలు తూచే యార్డు కాటా మీద నిలబెట్టారు.

యార్డు గుమాస్తా నా బరువు పలికాడు. "యాభై ఆరు!"

డాక్టరమ్మగారు చార్టు చూశారు. "పర్లేదు, సరిపోయింది."

తర్వాత నా జోడీ. "నలభై!"

"చాలా తక్కువమ్మా. నువ్వు పనికిరావు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఇంటికి పంపితే మళ్లీ తీసుకోరక్కా."

నేను అంతకుముందు ఆ యార్డులోనే బుట్టలు మోశాను. గుమాస్తా సంగతి తెలుసు. బుట్టకీ గడ్డికీ ఎనిమిది కేజీల తరుగు తీసి గానీ అంకె పలకడు. నోరు మూసుకుంటే నేను ఉంటాను, ఆమె పోతుంది.

"అమ్మగారూ, ఈయన తరుగు తీసేశాడండి," అన్నాను.

గుమాస్తా నాలిక కరుచుకున్నాడు. "ఇరవయ్యేళ్ల అలవాటండీ!"

మళ్లీ తూచారు. ఆమె నలభై ఎనిమిది, చార్టుకు సరిగ్గా. నేను అరవై నాలుగు, చార్టుకు ఎక్కువ.

మా హోంగార్డుల లీడరు నన్ను చూశాడు. "నీ నోరే నీకు శత్రువమ్మా. మూట సర్దుకో."

"ఆగండి," అన్నారు డాక్టరమ్మగారు. "ఇద్దరూ ఆ లారీ మూడుసార్లు ఎక్కి దిగండి."

నేను మూడోసారి దిగి, "ఇంకోసారా అండీ?" అన్నాను. నాకు ఆయాసం లేదు. నా జోడీ రెండోసారికే చక్రం పక్కన కూలబడింది.

డాక్టరమ్మగారు నా నాడి చూశారు. తర్వాత నా జోడీ కింది రెప్ప లాగి చూశారు. నేనూ వంగి చూశాను. లోపల ఎరుపన్నదే లేదు.

"ఒంట్లో రక్తం లేదు. ఈమె ఆస్పత్రికి. బాగయ్యాక ఇక్కడికే రావాలి. లావామె గేటుకి."

"చార్టులో అలా లేదు కదండీ?" అన్నాడు లీడరు.

"చార్టు ఎత్తూ బరువే చెబుతుంది. రక్తం సంగతి చెప్పదు. మనిషిని చూడాలి కదండీ."

జూన్‌లో ఇంటికి తిరిగొచ్చాం, ఇద్దరం ఒకే బస్సులో. ఎన్నో సీజన్లు చేశాను. లారీలన్నీ కలిసిపోయాయి. ఆ తెల్లటి రెప్ప మాత్రం కళ్ల ముందు నుంచి పోదు.

మెడికల్ అయిన మర్నాడు పొద్దున్నే మునగాకు పప్పు వండి, అన్నంతో క్యారియర్ నింపి, మొదటి బస్సుకు ఆస్పత్రికి వెళ్లాను.

"ఇదంతా తింటే నీలా అయిపోతానక్కా," అంది.

"అవ్వు. అయ్యాకే గేటు దగ్గరికి రా," అని పక్కనే కూర్చుని, క్యారియర్ ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.