సిఫార్సుతో వచ్చిన యంత్రం

పోయిన నెల మా అమ్మాయి పురుటికని జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరింది. లోపలికి భర్తను తప్ప ఎవరినీ రానివ్వరు కాబట్టి నేను కింద కాఫీ దుకాణంలో కూర్చుని ఉంటే, మా అల్లుడు కుటుంబమంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒక చిన్న వీడియో పెట్టాడు. తెర మీద ఒక గీత ఎగుడుదిగుడుగా సాగిపోతోంది, దానితోపాటు కడుపులో బిడ్డ గుండె చప్పుడు, ఎవరో తడిబట్ట గబగబా ఉతుకుతున్నట్టు. నిమిషంలో బంధువులంతా దండాలూ పూలూ పెట్టేశారు. అందులో సగంమంది ఆ సమయానికి ఎక్కడెక్కడి ట్రాఫిక్‌లోనో ఉండి ఉంటారు. అదే చప్పుడు కోసం, ఈ అమ్మాయి పుట్టిన రోజున, ఇదే కొండ మీద మేము పడ్డ తంటాలు గుర్తొచ్చి కాఫీ చల్లారిపోయింది.

అప్పట్లో నేనొక దినపత్రికలో నగర వార్తలు రాసేదాన్ని, మావారు ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోలో సౌండు విభాగంలో పనిచేసేవారు, వెంగళరావు నగర్‌లో రెండు గదుల వాటాలో కాపురం. మా అమ్మ అప్పటికే లేకపోవడంతో పుట్టింటి పురుడన్న మాట లేదు, అత్తగారే కోస్తా నుంచి బైబిలూ పచ్చడి జాడీలూ సర్దుకుని వచ్చారు. అంతకు ముందు ఏడాది మా అక్కకు నెలలు నిండి, నొప్పులు పడుతుండగానే బిడ్డ కడుపులో పోయాడు. ఆ గంటల్లో బిడ్డ గుండె ఎలా ఉందో ఎవరూ విని చూడలేదట. ఆ ఒక్క మాట నా కడుపుతోపాటే పెరుగుతూ వచ్చింది.

నన్ను చూసే డాక్టరమ్మగారు ఆ రోజుల్లో ఒక పరిశోధన చేస్తున్నారు. ఏ ఇబ్బందీ కనిపించని తల్లుల్లో సగంమందికి నడుముకు పట్టీలు కట్టి, యంత్రంతో బిడ్డ గుండె చప్పుడును ఎడతెగకుండా కనిపెట్టి చూడడం, మిగతా సగానికి నర్సు పక్కనే కూర్చుని, గరాటులాంటి గొట్టం కడుపుకు ఆనించి, నొప్పి వచ్చి తగ్గినప్పుడల్లా వినడం. ఏ పద్ధతిలో బిడ్డలు ఎలా ఉంటున్నారు, ఎవరికి ఆపరేషను దాకా పోతోంది అన్నది ఆమె తెలుసుకోవాలనుకున్నది. ఎవరికి ఏదన్నది చీటీ తేలుస్తుంది. యంత్రమే వస్తుందన్న ధీమాతో నేను సంతకం పెట్టాను. నొప్పులతో చేరిన రోజున నాకు గొట్టం వచ్చింది.

"అదేంటండీ డాక్టరమ్మగారూ, అంత యంత్రాన్ని ఎదురుగా పెట్టుకుని మా కోడలికి గొట్టమా?" అంటూ మా అత్తగారు లేచారు. ఫిల్మ్ నగర్‌లో వేషం కావాలన్నా, బడిలో సీటు కావాలన్నా ఎవరో ఒకరు ఫోను చెయ్యాలన్నది ఆవిడ వచ్చిన వారంలోనే నేర్చుకున్న సంగతి. తమ ఊరివాడైన ఒక నిర్మాతకు ఆసుపత్రి ఫోను నుంచే కబురు పెట్టారు, పావుగంట తిరక్కుండా డాక్టరు గదిలో ఫోను మోగనే మోగింది.

డాక్టరమ్మగారు నవ్వుకుంటూ వచ్చారు. "ఆయన మాట మీద వేషాలు మారతాయేమో గానీ చీటీలు మారవండీ. మారిస్తే అది పరిశోధన కాదు, పందేరం." ఆ తరువాత నా వైపు తిరిగి, భయంగా ఉంటే ఇప్పుడే తప్పుకోవచ్చుననీ, తప్పుకున్నా తాను నాకు చేయించేది ఈ గొట్టంతో వినడమేననీ, ఏ కాస్త తేడా కనిపించినా చీటీ సంగతి చూడకుండా యంత్రం పెడతాననీ చెప్పారు. నొప్పుల మధ్య గొప్ప ఆలోచనలేమీ రావు. అయినా ఎవరో ఫోను చేస్తే నా వార్తలు చిక్కి సగమైన రోజులు మా ఆఫీసులో చాలానే చూశాను, ఆ ఫోనులను తిట్టుకున్నదాన్ని కూడా. అక్క మొహం ఒక పక్కా, ఆ ఫోనులు ఒక పక్కా. ఉంటానన్నాను.

నర్సు ఇక్కడి మనిషే, కాస్త బరువైన శరీరం, స్టూలు మంచానికి ఆనించుకుని కూర్చుంది. "జర మెల్లగ ఊపిరి తీస్కో బిడ్డా, లోపల మంచిగ ఉరుకుతుంది గుండె" అని చెబుతూనే ఉంది. మా అత్తగారికి నమ్మకం కుదరలేదు.

"నిజంగా వినపడుతోందా, ఊరికే చెవి పెడుతున్నావా?"

"నువ్వు జర మాట్లాడకుంటె వినొస్తదమ్మా."

మధ్యాహ్నం దాటాక ఒక నొప్పి తగ్గినప్పుడు నర్సు మామూలు కన్నా ఎక్కువసేపు విన్నది. నా మణికట్టు పట్టుకుని, నా నాడితో పోల్చుకుంటూ మళ్లీ విన్నది. నన్ను ఎడమ పక్కకు తిప్పి, తలుపు దాకా వెళ్లి డాక్టరుకు కేక పెట్టింది. చక్రాల యంత్రం వచ్చింది, పట్టీలు కట్టారు, గదినిండా ఆ చప్పుడు నిండింది, మొదట చాలా నెమ్మదిగా. మేము వింటుండగానే కాస్త కాస్తగా వేగం పుంజుకుంది. బొడ్డుతాడు నొక్కుకుని ఉంటుంది, పక్కకు తిరగడంతో సర్దుకుంది, తొందరపడి కొయ్యనవసరం లేదు, చూద్దాం అన్నారు డాక్టరమ్మగారు, కాగితం మీది గీత నుంచి కన్ను తీయకుండా. పొద్దు వాలకముందే మా అమ్మాయి పుట్టి, ఆసుపత్రి ఎగిరిపోయేటట్టు ఏడ్చింది.

యంత్రం తన ఫోను వల్లే వచ్చిందని మా అత్తగారు బతికినన్నాళ్లూ నమ్మారు. ఇంటికి వెళ్లే రోజున డాక్టరమ్మగారు కాదని చెప్పబోతే, "మీరలాగే అంటారులెండి, పైకి చెప్పుకోకూడదు కదా" అని కన్ను గీటి, నిర్మాత ఇంటికి కాజాల పెట్టె పంపించారు. చర్చిలో ఆయన కోసం ప్రార్థన కూడా చేయించారు. పాపం ఆయనకు ఎందుకో తెలిసిందో లేదో.

ఈసారి మనవడు క్షేమంగా పుట్టాడు. ఇప్పుడు ఎవరూ చీటీ తీయనక్కరలేదు, చేరిన ప్రతి తల్లికీ పట్టీలు కడుతున్నారట, అన్ని గదుల గీతలూ నర్సు తన బల్ల దగ్గరే కూర్చుని చూసుకుంటుందట. దీన్ని తప్పు పట్టేంత సాహసం ఆ అక్కకు చెల్లెలిగా నాకు లేదు. ఇంటికి వచ్చాక మా అమ్మాయి చెప్పింది, పట్టీ జారుతుందేమోనని కదలకుండా పడుకుని అన్ని గంటలూ ఆ అంకెల వంకే చూస్తూ ఉన్నానని. "అమ్మా, నీకు చాలాసేపటి వరకూ స్క్రీనే లేదు కదా, మరి ఎటు చూస్తూ ఉన్నావు?" అని అడిగింది.

నర్సు మొహంలోకి అన్నాను. ఆ జవాబు దానికి వింతగా తోచింది. ఒక మనిషి మొహం వంక అంతసేపు, అంత ఆశగా చూడడం నా బతుకులో మళ్లీ జరగలేదు. మా అమ్మాయికి ఆ అవసరమే పడలేదు. అది దాని అదృష్టమేనని అనుకుంటాను, అనుకుంటూనే ఎందుకో కొంచెం దిగులు పడతాను.