చిన్నాన్న భుజం

చిన్నాన్న కుడి భుజం బిగుసుకుపోయిందని తెలిసిన రోజు నేను సేమ్యా పాయసం వండుకుని తిన్నాను. పాపమని ఎవరైనా అంటే అననివ్వండి. ఆ పాయసం కోసం చాలా ఏళ్ళు ఆగాను.

మల్కాపురంలో మా ఇంటి పెరట్లో అమ్మ నొప్పుల తైలం కాచేది. వావిలాకు రసం, నువ్వుల నూనె, ఇంకొన్ని వేర్లు. పోర్టులో బరువులు మోసేవాళ్ళూ, హార్బర్‌లో వలలు లాగేవాళ్ళూ నడుము పట్టుకుని వచ్చేవారు. గిన్నె దించే ముందు అడుగున ఉన్న ముద్దను కాస్త తీసి, వేళ్ళతో వత్తిలా చేసి నిప్పులో వేసేది. చిటపటమంటే ఇంకా నీళ్ళున్నట్టు. చప్పుడు లేకుండా కాలితే, వైద్యం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వరసగా చెప్పి అప్పుడు దించేది. అది మా ఇంటి ఆచారం. బ్రహ్మ నుంచి దక్షుడికి, దక్షుడి నుంచి అశ్వినీ దేవతలకు, వాళ్ళ నుంచి ఇంద్రుడికి, ఇంద్రుడి నుంచి భరద్వాజుడికి. అలా వచ్చి వచ్చి మా ముత్తాత, తాత, తాత నేర్పిన నాయనమ్మ. ఎవరి పేరు వాళ్ళు చెప్పుకోకూడదు. నేర్చుకున్నవాళ్ళు నేర్పినవాళ్ళ పేరు చేర్చాలి.

నాయనమ్మ అమ్మకు నేర్పింది. అమ్మ నాకూ, నాన్న తమ్ముడైన మా చిన్నాన్నకూ నేర్పింది.

తైలం కాగుతుండగా అమ్మ ఒక కథ చెప్పేది. అశ్వినులు మనుషుల మధ్య తిరిగే వైద్యులు కాబట్టి యజ్ఞంలో వాళ్ళకు వాటా ఇవ్వనన్నాడట ఇంద్రుడు. వాటా పెట్టబోయిన ముని మీదికి వజ్రాయుధం ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయింది. వాటా ఒప్పుకున్నాకే దిగింది. అమ్మకు ఆ కథ ఎంత చెప్పినా తనివి తీరేది కాదు, చిన్నాన్న కూడా పక్కనే కూర్చుని వినేవాడు.

తర్వాత ఆయన కూర్మన్నపాలెంలో ఆయుర్వేదం కొట్టు పెట్టాడు. ఆయుర్వేద చరిత్ర అంటూ ఫోన్లో వీడియోలు మొదలుపెట్టాడు. బ్రహ్మ దగ్గర్నుంచి నాయనమ్మ దాకా గొంతు సవరించుకుంటూ చక్కగా చెబుతాడు. నాయనమ్మ తర్వాత తనే. అమ్మ లేదు.

"నా పేరేదే? మర్సిపోనాడేటి?" అని మొదటిసారి అమ్మ నవ్వింది. మంచాన పడ్డాక కూడా కొత్త వీడియో వస్తే పెట్టమనేది. పెట్టేదాన్ని. తన పేరు వినకుండానే పోయింది. కర్మకాండ రోజు చిన్నాన్న భోజనానికి కూర్చుని పప్పులో ఉప్పు తగ్గిందన్నాడు. వడ్డించే గరిటె నా చేతిలోనే ఉంది. ఎలా ఆగానో నాకే తెలియదు.

అలాంటి మనిషి మొన్న పొద్దున్న మా వాకిట్లోకి వచ్చాడు.

"సెయ్యి లేవట్లేదమ్మా. మీ ఇంటి నూనె ఒకపాలి రాయవా."

"నీ కొట్లో ఉంది కదా సిన్నాన్నా?"

"అది డ్రమ్ముల్లో వత్తంది. దాన్ని నాను రాసుకుంతానేటి?"

ఇప్పుడు నేను కాచే తైలం కోసం అరుగు మీద వరసలో కూర్చున్న పోర్టు మనుషులు విన్నారు. వినాలనే అడిగాను. ఆయన్ని వాళ్ళ మధ్యనే స్టూలు మీద కూర్చోబెట్టి, గోరువెచ్చటి తైలం గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

"వరస సెప్పు. సెప్పకుండా మన నూనె ముట్టకూడదు."

అలాంటి నియమం లేదు. అప్పటికప్పుడు పుట్టించాను. ఆయన బ్రహ్మతో మొదలుపెట్టి నాయనమ్మ దగ్గర ఆగాడు.

"తరవాత?"

గిన్నె చల్లారుతోంది. నాకేం తొందర లేదు.

"మా వదిన."

"వదినంటే సాలదు. పేరు."

గొణిగాడు.

"ఈళ్ళకి ఇనపడలేదు సిన్నాన్నా."

తలెత్తి గట్టిగా చెప్పాడు. ఆయన నోట అమ్మ పేరు వినడం అదే మొదలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ జాలితో కాదు. ఈ మాట బతికుండగా అంటే నీ సొమ్మేం పోయేదిరా అని అరవాలనిపించింది.

కిటికీలో నిలబెట్టిన నా ఫోన్ని అప్పుడు చూశాడు.

"అది తీసీమ్మా. నలుగురూ సూత్తారు."

"సూడనీ."

అప్పుడు రాశాను. గట్టిగా నొక్కాల్సిన చోట, అమ్మ నేర్పిన దానికంటే గట్టిగా నొక్కాను. కేక పెట్టాడు. వీడియోలో అది కూడా ఉంది.