బానెట్ పరీక్ష

ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరైనా ఇశ్రాయేలు ఖాకీ చొక్కా విడవలేదు. ఉస్మాన్‌గంజ్‌లో ఏ బండి దగ్గరికి పిలిచినా ముందు తన సర్వీసు ఘనత చెబుతాడు, ఆ తర్వాతే స్పానర్ అడుగుతాడు. నసీరుద్దీన్ కారు బానెట్ హైవే వేగానికి గడగడ వణుకుతోందట. తెల్లారితే వాళ్ల అమ్మీని కర్నూలు తీసుకెళ్లాలి. ఇశ్రాయేలు లాక్ బిగించి, అరిగిన రబ్బర్లు మార్చి, పరీక్షకని చార్మినార్ దాకా నడిపించాడు. తోపుడుబండ్ల వెనక ఆగి ఆగి సాగిన కారు బానెట్ ఇసుమంతైనా కదల్లేదు.

"చూసినవా భాయ్? నా చెయ్యి పడితే గట్లుంటది!"

"గాజుల బండి మనల్ని దాటిపోయిందన్నా! రేపు హైవే మీద ముందు సీట్ల నువ్వే కూసో."

ఇశ్రాయేలు మీసం దువ్వడం ఆపి బానెట్ వంక కాసేపు చూశాడు.

"అమ్మీని బస్సెక్కియ్ భాయ్. ఫికరే ఉండదు. మా డిపో బస్సులన్నీ నా చేతులల్ల పెరిగినవే."