హోటల్ లాబీలో కొన్న సింహం

నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే నా తెలివితక్కువతనం ఏ స్థాయిదో మీకు సులువుగా తెలుస్తుంది.

ఎనభైల మొదట్లో, అమెరికాలో, సన్నీవేల్‌లో నేను పనిచేసే కంపెనీ, నైరోబీలోని ఒక లేబొరేటరీలో మా మెషీన్ బిగించి రమ్మని నన్ను పంపింది. మా ఆవిడ సూట్‌కేసులో మూడు జతల బట్టలు, నాలుగు రకాల పొడులు, ఒక చిన్న రైస్ కుక్కరు సర్దింది. ఆ రోజుల్లో మనవాళ్ళు పాస్‌పోర్టు మరిచిపోతే వెనక్కి వచ్చి తీసుకెళ్ళేవారు. కుక్కరు మరిచిపోతే ప్రయాణమే మానుకునేవారు. అయితే అది అమెరికాలో కొన్న కుక్కరు. అక్కడి కరెంటు నూట పది వోల్టులు. నైరోబీలో దానికి రెట్టింపు పైమాటే. ప్లగ్గు గోడలో పట్టకపోతే, కంపెనీ టూల్ బాక్సులోంచి వేరే ప్లగ్గు తీసి, శ్రద్ధగా బిగించి మరీ పెట్టాను. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని అని చెప్పాను కదా.

టప్పుమంది. నా గదే కాదు, ఆ అంతస్తంతా చీకటైపోయింది. వరండాలో జనం మాటలు, అడుగుల చప్పుడు. నేను మెల్లగా తలుపు తీసి, 'డు నాట్ డిస్టర్బ్' అట్టముక్క బయటి పిడికి తగిలించి మళ్ళీ వేసుకున్నాను. అరగంటలో లైట్లు వచ్చాయి. ఎవరూ నా తలుపు తట్టలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. కానీ నేరం చేసినవాడికి అడగని ప్రశ్నలే ఎక్కువ వినబడతాయి.

మెషీను పని అంతకు ముందురోజే అయిపోయింది. తిరుగు విమానానికి రెండు రోజులు టైముంది. ఆ రెండు రోజులూ నేను గది దాటలేదు. నేను బయటికి వెళితే గది ఊడ్చే ఆమె వస్తుంది, వస్తే మాడు వాసన పడుతుంది, పడితే తువ్వాల్లో చుట్టి సూట్‌కేసులో దాచిన శవం బయటపడుతుంది. అటుకుల చుడువా, కందిపొడి తింటూ కుక్కరుకి కాపలా కాశాను. కిటికీలోంచి ఊదారంగు పూల చెట్టు ఒకటి, దాని కింద ఆగిన వ్యాన్లూ కనిపించేవి. లేబొరేటరీకి వెళ్ళొచ్చే దారి తప్పిస్తే, నేను చూసిన నైరోబీ అంతే.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే అది నా ఒక్కడి బాధ. ఆగలేదు.

మా పక్క ఊరు ఫ్రీమాంట్‌లో మాకందరికీ పెద్దదిక్కులాంటి డాక్టరుగారు ఒకాయన ఉండేవారు. నెలకో శనివారం వాళ్ళింట్లో భోజనాలు. తలా ఒక వంటకం తీసుకెళ్ళాలి. తిన్నాక కర్టెన్లు వేసి, గోడకి తెల్ల దుప్పటి కట్టి, ఆయన తన ఫొటోల స్లైడ్లు ప్రొజెక్టర్లో వేసి చూపించేవారు. నయాగరా ముందు డాక్టరుగారు, గ్రాండ్ కాన్యన్ ముందు డాక్టరుగారు. నయాగరా కొంచెం పక్కకి తప్పుకుని ఆయనకి చోటిచ్చినట్టుండేది. మధ్యలో లేవడానికి వీల్లేదు. ఆయనే తలుపు దగ్గర కూర్చునేవారు. నన్ను చూసి, "ఇతని వరల్డ్ టూరు సన్నీవేల్ నుంచి ఫ్రీమాంట్ దాకానయ్యా. అది దాటి బ్రిడ్జి ఎక్కాలంటే భయం," అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

అందుకే, నైరోబీలో గది ఖాళీ చేసిన పొద్దున లాబీలోని షాపులో స్లైడ్ల పాకెట్ కనపడగానే కొనేశాను. రెడీమేడ్ స్లైడ్లు. ఊరి పక్కనే ఉన్న జంతువుల పార్కులో సింహం, దాని వెనకాల దూరంగా ఊళ్ళో మేడలు. బజారులో పూల దుకాణాలు. రైల్వే మ్యూజియంలో పాత ఇంజన్లు. పై నుంచి ఊరంతా కనిపించే గుండ్రటి ఎత్తు బిల్డింగు. పాకెట్టు వెనక, తక్కువ టైములో సరదాగా చూడదగ్గ చోట్లంటూ ఒక జాబితా కూడా ఉంది. విమానంలో దాన్ని బట్టీ పట్టాను.

తరవాతి శనివారం దుప్పటి మీద నా స్లైడ్లు పడ్డాయి. స్లైడంటే జారుడు అని నాకు తెలుసు గాని, ఒకసారి మొదలైతే కింద దాకా ఆగదని అప్పుడే తెలిసింది. సింహం దగ్గరికొచ్చేసరికి, "జీపు ఇంజన్ ఆపేశాం. ఇక్కడి నుంచి ఆ సోఫా అంత దూరం," అన్నాను. సోఫాలో ఉన్నవాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకున్నారు. మా ఆవిడ ఒక్కతే చీకట్లో నా వైపు చూసింది. మాడిన కుక్కరు అప్పటికే మా చెత్తబుట్టలో ఉంది.

నా కథని నిజంగా నమ్మింది డాక్టరుగారి భార్య. మేమంతా అక్కయ్య అనేవాళ్ళం. ఆవిడ నాన్నగారు రాజమండ్రిలో రైల్వే గార్డు. నైరోబీ రైలుపట్టాలు వేయడానికి మన దేశం నుంచి కూలీలు వెళ్ళారని ఆవిడ చిన్నప్పుడు ఆయన చెప్పేవారట. అప్పట్నుంచి ఆవిడకి ఆ ఊరు చూడాలని. డాక్టరుగారు ఎన్నడూ సరేననలేదు. నా స్లైడ్లు చూశాక, నేనెళ్ళి తను వెళ్ళకపోతే పరువు తక్కువనుకున్నారో ఏమో, ఆ ఏడు ఇండియా వెళుతూ దారి మళ్ళించి అక్కడ రెండు రోజులు ఆగడానికి ఒప్పుకున్నారు.

అక్కయ్య ఫోన్ చేసి, "తమ్ముడూ, రెండు రోజుల్లో ఏమేం చూడాలో వరసగా చెప్పు, రాసుకుంటాను," అంది.

చెప్పాను. పాకెట్టు వెనక ఉన్నదంతా చెప్పాను.

"మ్యూజియం నుంచి ఆ సింహాల పార్కుకి పది నిమిషాలన్నావు. కారులోనా, నడిచా? నా మోకాలి సంగతి తెలుసుగా."

పాకెట్టు మీద పది నిమిషాలని ఉందిగాని దేంట్లోనో లేదు. తెలీదు అని ఒక్క మాటంటే సరిపోయేది. వెళ్ళొచ్చినవాడు తెలీదని ఎలా అంటాడు?

"నడకే అక్కయ్యా. హాయిగా, చెట్ల నీడన," అన్నాను.

వాళ్ళు తిరిగొచ్చాక మొదటి శనివారం. నేను గుత్తివంకాయ కూర గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి అక్కయ్య ఒక్కతే అప్పడాలు వేయిస్తోంది. ఒక కాలి మీద బరువంతా వేసి నిలబడింది.

"రా తమ్ముడూ. నీ పది నిమిషాలు ఏ దేశపు నిమిషాలు?"

నేను గిన్నె ఎక్కడ పెట్టాలో తెలీనట్టు నిలబడ్డాను.

"రెండు గంటలు నడిచాను, ఎండలో. తీరా గేటు దగ్గరికెళితే, బండి లేకుండా లోపలికి పంపనన్నాడు కాపలావాడు. సింహాలున్న చోటికి నడిచొచ్చిందేమిటీ ఈవిడ అని అక్కడివాళ్ళు ఒకటే నవ్వు. వెనక్కి వస్తుంటే ఒక గుజరాతీ దుకాణం ఆవిడ కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అన్నం పెట్టి, కారులో దింపింది. ఊరినిండా శాకాహారమే తమ్ముడూ. నువ్వు చెప్పనేలేదు."

"డాక్టరుగారు?"

"ఆయన రెండు రోజులూ రూములో పడుకున్నారు, కడుపు బాగాలేదని. కెమెరా కూడా ఆయన దగ్గరే."

అప్పడం తీసి కాగితం మీద వేసింది. నా వైపు చూడకుండా, "నీ సింహం మా హోటల్ కింద షాపులో కనపడింది. స్లైడ్ల పాకెట్లో. బానే ఉంది," అంది. ఇంకో అప్పడం నూనెలో వేసి, "ఎవరికీ చెప్పలేదులే. వంకాయ చల్లారిపోతోంది, అక్కడ పెట్టు," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నా ప్లేటులో రెండప్పడాలు ఎక్కువ వేసింది.

భోజనాలయ్యాయి. మధ్యాహ్నం ఎండ కనపడకుండా కర్టెన్లు వేశారు. డాక్టరుగారు తలుపు దగ్గర కూర్చుని ప్రొజెక్టర్ వేశారు. పూల దుకాణాలు. గుండ్రటి బిల్డింగు. పాత ఇంజన్లు. అన్నీ నాకు తెలిసినవే. మరో క్లిక్. సింహం. అదే చిరిగిన చెవి, వెనకాల అవే మేడలు, అదే మబ్బు.

"అరే, అంకుల్ చూపించిన లయనే కదా," అంది ఒక పాప.

"సింహాలు ఇళ్ళు మారవమ్మా, మనలాగా," అన్నారు డాక్టరుగారు. అందరూ నవ్వారు. వేలెత్తి చూపించడానికి నాకు వేలు లేదు. ఆయన అబద్ధం బయటపెట్టాలంటే ముందు నాది బయటపెట్టుకోవాలి.

"అక్కయ్యా, మీరెంత దగ్గర్నించి చూశారు?" అని ఎవరో అడిగారు.

అక్కయ్య నోరు విప్పేలోపే డాక్టరుగారు, "తనేం చూసింది? భయపడి జీపులో తల దించుకుని కూర్చుంది. మ్యూజియం దగ్గర కూడా కారు దిగనంది," అన్నారు.

దుప్పటి మీది వెలుగులో అక్కయ్య కనిపిస్తోంది. చెయ్యి మోకాలి మీద ఉంది. ఒకసారి నావైపు చూసి తల దించుకుంది. కుంటుతూ ఆ ఊరంతా తిరిగొచ్చిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. ఇప్పుడు నేనూ డాక్టరుగారూ కొన్న సింహాల కింద ఆవిడ ప్రయాణం మిగలకుండా పోతోంది.

లేచి గోడ మీది లైటు స్విచ్ వేశాను. నాకు కరెంటు పని అంతకు మించి చేతకాదు.

"ఏంటయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"అప్పుడు నేను చూపించిన సింహం నేను తీసింది కాదండీ," అన్నాను. "హోటల్ లాబీలో కొన్నాను. స్లైడ్లన్నీ అక్కడివే. నేను గది దాటలేదు. కుక్కరు తగలబెట్టి, ఎవరికైనా తెలుస్తుందేమోనని రెండు రోజులు దాక్కున్నాను."

నేను చెప్పింది నా సంగతి మాత్రమే. కానీ అందరి తలలూ నా మీంచి దుప్పటి మీది సింహం వైపుకి, అక్కణ్ణించి డాక్టరుగారి వైపుకి తిరిగాయి. ఎవరో దగ్గారు. మా ఆవిడ చాలా రోజుల తరవాత నా వైపు మామూలుగా చూసింది.

"అక్కయ్యని అడగండి. నైరోబీ చూసింది ఆవిడే. నేను చెప్పిన తప్పుడు దారిలో నడిచి చూసింది," అన్నాను.

అక్కయ్య ముందు వద్దంది. తరవాత, "మ్యూజియంలో రైలుపెట్టె ఒకటుంది," అని మొదలుపెట్టింది. "మా నాన్న చెప్పినట్టే, చెక్క బల్లలు. ఎక్కి కూర్చున్నాను. కాపలా ఆయన వద్దనలేదు..."

డాక్టరుగారు కొంతసేపు ఓపికపట్టి, "లైటు ఆపవయ్యా, ఇంకా సగం ట్రే స్లైడ్లున్నాయి," అన్నారు.

అక్కయ్య గుజరాతీ దుకాణం దాకా వచ్చి, అక్కడ పెట్టిన పప్పులో తీపి ఎందుకుందో చెప్పి, కారు దిగి హోటల్ మెట్లెక్కేదాకా నేను స్విచ్ మీంచి చెయ్యి తీయలేదు.