ఒక వాలుగీత, రెండు నక్షత్రాలు

విరుదునగర్‌లో ఒక పప్పుల గోదాము మేడమీద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. అందులో కార్తీశ్వరికి ఉద్యోగం వచ్చినప్పుడు ఆ హోదా పేరుకు నోరు తిరగడానికే ఇంట్లోవాళ్లకు రెండు పూటలు పట్టింది. డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్. కోవిల్‌పట్టి పక్కనున్న ఊరు వాళ్లది, తమిళనాడే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగు. తల్లి చిన్నత్తాయి అగ్గిపెట్టెల కంపెనీలో పాతికేళ్లుగా పెట్టెలు సర్దుతోంది.

"అంటే ఏం చేసేదే?" అని అడిగింది తల్లి.

"స్టార్లు పెట్టేది మా."

"అది కిరిస్మస్ నెలలో గదా చేసేది? మిగతా నెలలు?"

తల్లి మాటలో తప్పేమీ లేదు. కార్తీశ్వరి పని నిజంగానే అది.

కంపెనీ యజమాని హరికృష్ణన్ కూడా ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. ఆఫీసులో మాత్రం అరవంలో కసురుతాడు. పని కావలసివచ్చినప్పుడు తెలుగులోకి దిగి వరస కలుపుతాడు. కాబట్టి ఆయన నోట తెలుగు వినబడితే సిబ్బంది జాగ్రత్తపడేవాళ్లు. వెంబకోట్టై చుట్టుపక్కల బాణసంచా కార్ఖానాలకు ఆయన ఒక సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు. మందు ఆరబెట్టే షెడ్లలో వేడి ఎంత, తేమ ఎంత అని సెన్సార్లు కొలుస్తుంటాయి. అంతా సవ్యంగా ఉంటే తలుపు మీద పచ్చలైటు, మించితే ఎర్రలైటు. పచ్చలైటు చూసి మనుషులు లోపలికి పోతారు.

ఆ ఏడు ఒక కొత్త కార్ఖానావాళ్లు, "సాఫ్ట్‌వేర్ సరే, దాని వివరాల పుస్తకం ఏది?" అని అడిగారు. హరికృష్ణన్ కంగారుపడలేదు. ఈ కాలంలో పుస్తకాలు ఎవరూ రాయక్కర్లేదని ఆయనకు తెలుసు. ప్రోగ్రాములో అక్కడక్కడ వ్యాఖ్యలు రాసిపెట్టి ఉంటాయి. వాటిని ఏరి, వరసగా పేర్చి, విషయసూచికతో సహా పుస్తకం చేసి ఇచ్చే యంత్రం ఉంది. బటన్ నొక్కాడు. ఐదు నిమిషాల్లో మూడువందల పేజీలు వచ్చాయి. ప్రతి పేజీలో పైన ఒక పేరు, కింద తెల్లకాగితం. పెళ్లి పంక్తిలో ఆకులు వేసి అన్నం వడ్డించడం మరిచిపోయినట్టుంది.

లోపం యంత్రానిది కాదు. వ్యాఖ్య మొదట్లో వాలుగీత పక్కన ఒకే నక్షత్రం గుర్తు ఉంటే, అది ప్రోగ్రామర్ తనలో తాను గొణుక్కున్న మాట అని యంత్రం లెక్క. రెండు నక్షత్రాలుంటేనే లోకానికి చెప్పిన మాట. ఆ ప్రోగ్రామంతా రాసిన కుమారవేల్ మూడేళ్లు పనిచేసి కోయంబత్తూరు వెళ్లిపోయాడు. పాపం, ఆయన చాలానే రాశాడు, కాని అంతా గొణుగుడే. ఎక్కడా రెండో నక్షత్రం పెట్టలేదు.

ఆ రెండో నక్షత్రం పెట్టడానికే కార్తీశ్వరిని తీసుకున్నారు. కంప్యూటర్ సైన్సులో యూనివర్సిటీ ర్యాంకు తెచ్చుకున్న పిల్ల. రోజూ పొద్దున సాత్తూరు మీదుగా బస్సులో నిలబడి వచ్చి నక్షత్రాలు పొదిగేది. వ్యాఖ్యను ప్రోగ్రాములో ఒక్కో పని చేసే ముక్కకు, అంటే ఫంక్షన్‌కు సరిగ్గా పైన పెట్టాలి, ఏది లోపలికి ఇస్తామో ఒక వరస, ఏది బయటికి వస్తుందో ఇంకో వరస. ఈ పద్ధతులన్నీ మొదటివారంలోనే నేర్చుకుంది. మరి అసలు వ్యాఖ్యే లేనిచోట ఏంచేయాలని యజమానిని అడిగింది.

"పేరు చూసి రాసెయ్యి. అదేమన్నా ఐ.ఏ.ఎస్. పరీక్షా?" అన్నాడాయన.

రాసేసింది. 'ఉష్ణోగ్రతను చదువు' అనే ఫంక్షన్ కింద 'ఇది ఉష్ణోగ్రతను చదువుతుంది' అని రాసింది. 'లైటు మార్చు' కింద 'ఇది లైటును మారుస్తుంది' అని రాసింది. ఇలాంటి జ్ఞానం నాలుగువందల పేజీలకు పెరిగింది. తెరమీద నూటికి నూరు శాతం అని పచ్చటి పట్టీ వెలిగితే హరికృష్ణన్ అందరికీ వేరుశనగ మిఠాయి పంచాడు.

ఆ పట్టీ లెక్కలోకి రాని పాత వ్యాఖ్యలు ఇంకా కొన్ని మిగిలాయి. వాటిని సర్దుతుంటే కుమారవేల్ రాసిన ఒక మాట కనబడింది. 'సెన్సార్ తీగ తెగితే ఇది చివరి కొలతనే చూపిస్తూ ఉంటుంది. అంటే పచ్చలైటు ఆరదు. ఇది సరిచేసేదాకా లైటును నమ్మి ఎవర్నీ లోపలికి పంపవద్దు. సారుకు రెండుసార్లు చెప్పాను.'

కార్తీశ్వరి ఆ ఫంక్షన్ మొత్తం చదివింది. ఆయన రాసింది నిజమే, ఎవరూ సరిచేయలేదు. రెండో నక్షత్రం పెట్టి, ముందు 'హెచ్చరిక' అనే గుర్తు చేర్చింది. చివరి వాక్యం మాత్రం మర్యాద కోసం తీసేసింది. పుస్తకం మళ్లీ తీస్తే ఆ మాటలు పసుపుపచ్చ పెట్టెలో లావుపాటి అక్షరాలతో వచ్చాయి.

హరికృష్ణన్ నాలుగువందల పేజీల్లో ఒక్క వాక్యం చదివిన మనిషి కాడు. కాని రంగు కనిపెట్టాడు. కుర్చీ దగ్గరికి వచ్చి తెలుగులో మొదలుపెట్టాడు.

"ఏమ్మా, ఈ మంజ కలరు ఏంది? చూసినోడు బయపడడా?"

"తీగ తెగితే ప్రమాదం ఉండాది సార్. సరిచేసేదానికి మూడు వారాలు పట్టొచ్చు."

"అప్పురం మెల్లిగా చేద్దాములే. మన పిల్లవి గదా, నేను చెప్పింది విను. చెరిపెయ్యమని నేను అన్నానా? ఒక స్టారు తీసెయ్యి, అంతే."

ఆయన సత్యసంధత అలాంటిది. అబద్ధం రాయమనలేదు, నిజాన్ని చెరపమనలేదు. ఒక్క నక్షత్రం తీస్తే చాలు, నిజం ప్రోగ్రాములో భద్రంగా ఉంటుంది, పుస్తకంలో ఉండదు. కార్తీశ్వరి తీసేసింది. పసుపుపెట్టె మాయమైంది. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు.

ఇంట్లో తల్లి గోంగూర తుంచుతూ అంతా విన్నది. నక్షత్రాల సంగతి ఆమెకు ఎంతవరకు ఎక్కిందో గాని, మందు సంగతి చెప్పనక్కర్లేదు.

"ఆ రూములోకి పొయ్యేది ఎవురే? నువ్వా, మీ కంపెనీ ముదలాళియా?"

"ఇద్దరమూ కాదు."

"పొయ్యేవాళ్లకి తెలుసా?"

కార్తీశ్వరి తుంచిన ఆకులు గిన్నెలోకి ఎత్తింది. తల్లి కూర పొయ్యిమీద పెట్టడానికి లేచింది.

మర్నాడు ఆఫీసు చేరగానే కార్తీశ్వరి మొదట చేసిన పని ఒక మీట నొక్కడం. నక్షత్రం తిరిగి వచ్చింది. పుస్తకం అచ్చుకు పోయింది. యజమాని అట్ట మీది తన ఫోటో సరిగా పడిందా లేదా అని మాత్రం పరీక్షగా చూశాడు. "పోయి ఇచ్చి, సంతకం పెట్టించుకొని రా," అని ఆమెనే పంపాడు.

ఆ కొత్త కార్ఖానాలో షెడ్లన్నీ చూసుకునే ఫోర్‌మన్ ఇసక్కిపాండి. యాభై దాటిన మనిషి, ఎడమచేతి మీద పాత కాలిన మచ్చ. పుస్తకం చేతిలోకి తీసుకొని బరువు చూశాడు.

"మంచి బరువుంది తాయీ. గాలికి తలుపు కొట్టుకోకుండా పెట్టుకోవచ్చు," అన్నాడు అరవంలో. "నాకు ఇంగ్లీషు రాదు. సంతకం ఎక్కడ?"

కార్తీశ్వరి కలం ఇవ్వలేదు. "అన్నాచ్చీ, ఒక్క పేజీ చదివి చెప్తాను, విన్నాక పెట్టండి," అని నూట ఎనభై ఏడో పేజీ తీసింది. అరవంలో చెప్పుకుపోయింది. ఆయన రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత లేచి, అప్పుడే బిగించిన ఖాళీ షెడ్డు దగ్గరికి నడిచాడు. సెన్సార్ తీగ పట్టుకొని ఊడలాగాడు.

ఇద్దరూ తలుపు మీదికి చూస్తూ నిలబడ్డారు. పదినిమిషాలు గడిచాయి. పచ్చలైటు ప్రశాంతంగా వెలుగుతూనే ఉంది.

"మా పెదనాన్న కొడుకు ఇలాంటి షెడ్లోనే పోయాడు," అన్నాడు ఇసక్కిపాండి. "అప్పుడు లైటు లేదు. కాబట్టి లోపలికి పోయేముందు కాస్త భయపడేవాడు. దీన్ని చూస్తే అదీ ఉండదు." పుస్తకం ఆమె చేతికే తిరిగి ఇచ్చాడు. సంతకం పెట్టలేదు.

హరికృష్ణన్ ఆరోజు తెలుగు జోలికి పోలేదు. మేడ దిగువన పప్పులు ఎత్తుతున్న కూలీలు కూడా తలెత్తి చూసేటట్టు అరిచాడు. 'వ్యాఖ్యల ఫార్మాట్‌లో అనుమతి లేని మార్పు' అని కార్తీశ్వరికి మెమో ఇచ్చాడు. ప్రపంచంలో నక్షత్రం పెట్టినందుకు మెమో అందుకున్నది బహుశా ఆమె ఒక్కతే. "రేపటి నుంచి రావద్దు" అనే మాట కూడా వచ్చేదే, ఇంతలో ఫోన్ మోగింది. కార్ఖానా యజమాని.

"ఇన్ని కంపెనీలతో పనిచేశాను సార్, తమ సరుకులోని లోపం తామే అచ్చువేసి ఇచ్చినవాళ్లను మిమ్మల్నే చూశాను. సరిచేసి తీసుకురండి, నా మూడు యూనిట్లకూ మీదే."

హరికృష్ణన్ గొంతు వెన్నలా కరిగింది. "అదే సార్ మా పద్ధతి. మొదటినుంచీ పారదర్శకతే," అన్నాడు. ఫోను పెట్టేసి, మెమోను తనవైపు లాక్కుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. క్షమాపణ అడగడం ఆయన పారదర్శకతలో భాగం కాదు.

సరిచేయడానికి మూడు వారాలు కాదు, ఐదు పట్టింది. కోయంబత్తూరు నుంచి కుమారవేల్ ఫోన్లో దారి చెబుతుంటే చేసింది కార్తీశ్వరే. ఇప్పుడు తీగ ఊడితే క్షణంలో ఎర్రలైటు. ఆ పని అయ్యాక ఆమె ఇంకొకటి చేసింది. నాలుగువందల పేజీలు పక్కనపెట్టి, షెడ్డులో పనిచేసేవాళ్ల కోసం అరవంలో ఒకే ఒక్క పేజీ రాసింది. ఇసక్కిపాండి దాన్ని చదివి మూడు మాటలు కొట్టేయించాడు. "ఇవి చదివేలోపు షెడ్డు పేలి లేచిపోతుంది," అన్నాడు. ఆమె మార్చింది. దాన్ని తలుపు పక్కన గోడకు అంటించారు.

ఆడి నెలలో, ఆషాఢం గాలుల్లో ఒకరోజు మధ్యాహ్నం ఎలుక తీగ కొరికింది. ఎర్రలైటు పడింది. లోపలున్న ఎనిమిదిమంది ఆడవాళ్లు బయటికి వచ్చి, ఈ లైటుకు పనీపాటా లేదని తిట్టుకుంటూ వేపచెట్టు కింద కూర్చున్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి గంట పట్టింది. ఈ సంగతి ఇసక్కిపాండి ఫోనుచేసి చెప్పినప్పుడు కార్తీశ్వరి సాత్తూరు దాటిన బస్సులో నిలబడి ఉంది. గాలిహోరులో సగం వినబడలేదు. "ఎవరికీ ఏమీ కాలేదు గదా అన్నాచ్చీ?" అని ఆమె మూడుసార్లు అడిగింది, ఆయన మూడుసార్లూ ఓపిగ్గా కాలేదని చెప్పాడు.